ఉప్పు తిన్న చెట్లు

కాకినాడ దాటి చొల్లంగి దగ్గర కోరింగ మడ అడవిలోకి దిగి చెక్క వంతెన మీద నడుస్తుంటే, ఎండ బాగా ముదిరిన వేళ కొన్ని ఆకులు తళుక్కుమంటాయి. కొమ్మను దగ్గరికి వంచి చూస్తే అది మంచూ కాదు, దుమ్మూ కాదు. సన్నటి ఉప్పు రవ్వలు. మడ ఆకును నాలుక కొసకు తాకిస్తే ఆ సందేహమూ తీరిపోతుంది. అక్కడికి నాలుగడుగుల దూరంలో, అదే బురదలో, అవే ఆటుపోట్లలో ఉప్పు పొన్న నిలబడి ఉంటుంది. దాని ఆకు మీద మాత్రం ఉప్పు పేరదు. పేరులో ఉప్పున్న చెట్టు ఆకు చప్పగా ఉంటే, లేని చెట్టు ఆకు ఉప్పగా ఉంటుంది. (రుచి చూసే సరదా మడతో ఆపడం మంచిది. ఆ పక్కనే పెరిగే తిల్ల చెట్టు పాలు కళ్లలో పడితే చూపుకే ముప్పు.)

రెండూ తాగేది ఒకే నీళ్లు. తేడా అంతా లోపలి కట్టుబడిలో ఉంది. వేరును అడ్డంగా కోసి, ఆకును పల్చగా చెక్కి, సూక్ష్మదర్శిని కింద పెడితే ఏ చెట్టు ఉప్పుతో ఎలా వేగుతోందో కణం కణంలో కనిపిస్తుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మనం తినే చాలా పంటలకు ఇందులో పదో వంతు కూడా ఎక్కువే. నేల ఉప్పదనాన్ని కొలిచే విద్యుత్ వాహకత లెక్కలో మీటరుకు 3 డెసీసీమన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రపు నీటి లెక్క 50 దగ్గర ఉంటుంది. ఉప్పుతో రెండు రకాల కష్టం. మొదటిది, లోపలికి పోయిన సోడియం, క్లోరైడ్ అయాన్లు కణాల్లో ఎంజైముల పనిని పాడుచేస్తాయి. రెండోది అంతకంటే మొండిది. ఉప్పు నీళ్లు అంత తేలిగ్గా వేరులోకి రావు. నీరు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకు పోవడం ద్రవాభిసరణ నియమం. ఆ ప్రకారం సముద్రపు నీరు వేరులోని మంచినీటిని బయటికి గుంజుతుంది. ఆ గుంజుడు బలం దాదాపు 25 వాతావరణ పీడనాలు, అంటే 250 మీటర్ల ఎత్తు నీటి స్తంభం అడుగున ఉండేంత ఒత్తిడి. మడ చెట్టు ఒక్క చుక్క తాగాలన్నా అంతకు మించిన బలంతో ఎదురు లాగాలి.

చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం కరువు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆండ్రియాస్ షింపర్ 1898లో అచ్చైన తన గ్రంథంలో ఈ స్థితిని శరీరధర్మపరమైన కరువుగా వర్ణించాడు. మందపాటి ఆకులు, మైనపు పూత, తక్కువ పత్రరంధ్రాలు వంటివి ఎడారి మొక్కల్లోనూ ఉప్పునేల మొక్కల్లోనూ ఒకేలా కనిపించడానికి ఆయన చూపిన కారణం అదే. ఆ మాట చాలావరకు నిలబడింది కానీ అది సగం కథే. ఎడారి మొక్కకు నీళ్లు దొరకవు, దొరికితే తాగేస్తుంది. ఉప్పునేల మొక్క తాగిన ప్రతి గుక్కకీ ఉప్పు లెక్క చూసుకోవాలి. ఆ లెక్క చూసే అవయవాలు ఎడారి మొక్కకు అక్కర్లేదు.

మడ చెట్లు ఎంత బలంగా నీళ్లు లాగుతాయో కొలిచి చూపించిన వాడు పెర్ షోలాండర్. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. కోసిన కొమ్మను ఇనుప గదిలో బిగించి, కోసిన కొన మాత్రం బయటికి ఉంచి, లోపల గాలి ఒత్తిడి పెంచుతూ పోవడం ఆయన పద్ధతి. ఏ ఒత్తిడి దగ్గర కొనలో రసం ఉబికితే, చెట్టు అంత బలంగా నీటిని గుంజుతోందని లెక్క. పెద్ద పెద్ద ఫర్ చెట్ల పైకొమ్మలు అందకపోతే తుపాకీతో కాల్చి రాల్చుకున్నారు కూడా. 1965లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో మడ జాతుల లెక్క 30 నుంచి 60 వాతావరణ పీడనాల మధ్య తేలింది. సముద్రం లాగే 25 కంటే ఎప్పుడూ ఎక్కువే. ఇంకో విశేషం ఏమిటంటే, ఉప్పు పొన్న జాతి చెట్టు కొమ్మ నుంచి పిండిన రసం దాదాపు మంచినీళ్లే.

మరి ఉప్పు ఎక్కడ ఆగింది?

వేరులోనే. లేత వేరును అడ్డంగా కోసి చూస్తే బయట బెరడు పొర, మధ్యలో నీటిని పైకి మోసే దారునాళాల కట్ట, ఈ రెంటి నడుమ అంతశ్చర్మం అనే ఒకే వరుస కణాల వలయం కనిపిస్తాయి. నీరు లోపలికి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి కణాల గుండా, పొరలు దాటుకుంటూ. రెండోది కణానికీ కణానికీ మధ్య గోడల సందుల్లోంచి, అడిగేవాడు లేకుండా. ఈ రెండో దారిని మూసేది అంతశ్చర్మపు కణాల గోడల్లో ఉండే కాస్పేరియన్ పట్టీ. దానికి తోడు సూబరిన్ అనే మైనంలాంటి పదార్థం పూతగా ఉంటుంది. ఇవి మామూలు మొక్కల్లోనూ ఉంటాయి. మడ జాతుల్లో తేడా ఏమిటంటే, పట్టీ మరింత వెడల్పుగా ఉంటుంది, వేరు కొనకు బాగా దగ్గర్లోనే ఏర్పడుతుంది, బయటి పొరల్లో కూడా సూబరిన్ గోడ లేస్తుంది. సందు దారి మూసుకుపోతే ప్రతి అయానూ కణం పొర దాటే రావాలి, అక్కడ కాపలా ఉంటుంది. సింగపూర్‌లో అవిసీనియా అఫిసినాలిస్ అనే మడ జాతి మీద జరిగిన పరిశోధనల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా ఉప్పు వేరు దగ్గరే ఆగిపోతోందని తేలింది. 2016లో కొరియా శాస్త్రవేత్తలు ఉప్పు పొన్నకు దగ్గరి చుట్టమైన రైజోఫోరా స్టైలోసా వేరును పరీక్షించి, సోడియంలో దాదాపు 90 శాతాన్ని అన్నింటికన్నా బయటి పొరే వడకడుతోందని చూపించారు.

షోలాండర్ ఇంకో పని చేశాడు. వేళ్లను బాగా చల్లబరిచాడు, కణాల శ్వాసను ఆపే విషాలు పెట్టాడు. అయినా వడపోత ఆగలేదు. అంటే పెద్ద భాగం గోడల పనే, అది శక్తి ఖర్చు పెట్టి చేసే పని కాదు. ఆకులోంచి నీరు ఆవిరయ్యేటప్పుడు పుట్టే గుంజుడే నీటిని ఆ జల్లెడలోంచి లాగుతుంది. మన ఇళ్లలో ఆర్వో ఫిల్టరుకు కరెంటు మోటారు చేసే పని ఇక్కడ సూర్యుడు చేస్తున్నాడు.

వరి వేరులోనూ ఈ అంతశ్చర్మం ఉంది. కాకపోతే పిల్లవేళ్లు పుట్టుకొచ్చే చోట ఆ గోడ చిట్లుతుంది, ఆ చీలికల్లోంచి సోడియం దొంగదారిన ఎక్కేస్తుంది. కేరళ తీరంలో ఉప్పునీటి మడుల్లో తరతరాలుగా పండే పొక్కలి వరిని 2009లో మామూలు రకాలతో పోల్చి చూసినప్పుడు, పొక్కలి వేళ్లలో ఈ మైనపు అడ్డుగోడలు ఎక్కువగా, పటిష్ఠంగా ఉన్నట్టు బయటపడింది. చౌడును తట్టుకునే గుణం అనగానే ఏదో రసాయన మాయ అనుకుంటాం గానీ, అందులో కొంత వట్టి గోడ కట్టడమే.

వేళ్ల సంగతి వచ్చింది కాబట్టి మడ అడవిలో అందరి కళ్లూ పడే దృశ్యం గురించి చెప్పుకోవాలి. పోటు తీసిపోయాక మడ చెట్టు చుట్టూ బురదలోంచి వేలెడంత, జానెడంత పుల్లలు వేల సంఖ్యలో నిటారుగా నిలబడి ఉంటాయి. ఇవి పైకి పెరిగిన వేళ్లు, శ్వాసమూలాలు. రెండు మూడు మీటర్ల మడ చెట్టుకే పదివేలకు పైగా ఉంటాయని లెక్క. ఉప్పు పొన్నకైతే కొమ్మల నుంచి, కాండం నుంచి వంపు తిరిగి దిగే ఊతవేర్లు. పాఠ్యపుస్తకాల్లో వీటిని కూడా 'ఉప్పుకు అనుకూలనాలు' అనే ఒకే గంపలో పడేస్తుంటారు. నిజానికి వీటికి ఉప్పుతో పేచీ లేదు. పేచీ బురదతో. ఎప్పుడూ నీళ్లు నిలిచే ఒండ్రులో ప్రాణవాయువు ఉండదు. గంధకం కుళ్లు వాసన అందుకే.

శ్వాసమూలాన్ని కోసి చూస్తే మధ్యలో చిన్న గట్టి కడ్డీ, చుట్టూ స్పాంజిలా గాలి గదులు. బయటి తొక్క మీద చిన్న చిన్న వాయురంధ్రాలు. గాలి పోయేంత పెద్దవి, నీరు చొరబడలేనంత సన్నవి. పైగా నీటిని అంటనివ్వవు. షోలాండర్ బృందం 1955లో ఉప్పు పొన్న జాతి చెట్టు మీద ఒక తేలికైన ప్రయోగం చేసింది. బురదలోని వేళ్లలో ప్రాణవాయువు మామూలుగా 15 నుంచి 18 శాతం ఉంటుంది. పైన ఊతవేరు రంధ్రాలను గ్రీజుతో పూసి మూసేస్తే రెండు రోజుల్లో అది 2 శాతానికో, ఇంకా కిందికో పడిపోయింది. మడ శ్వాసమూలాల్లో మరో ముచ్చట. పోటు ఎక్కి అవి మునిగినప్పుడు లోపలి ప్రాణవాయువు ఖర్చవుతుంది, విడుదలైన బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగిపోతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది. నీరు దిగి రంధ్రాలు బయటపడగానే అవి గాలిని లోపలికి జర్రున పీల్చుకుంటాయి. ఆటుపోటు లెక్కన చెట్టు ఊపిరి తీసుకుంటుందన్నమాట.

ఇప్పుడు ఆ మెరిసే ఆకు దగ్గరికి వద్దాం. వేరు ఎంత వడకట్టినా మడకు కొంత ఉప్పు పైకి చేరుతూనే ఉంటుంది. ఆకు నుంచి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. పారేయకపోతే కొద్ది రోజుల్లో ఆకు మాడిపోవాలి.

మడ ఆకును పల్చగా కోసి చూస్తే పైన అవభాసిని అనే మందపాటి మైనపు పొర, దాని కింద బాహ్యచర్మం, ఆ కింద కొన్ని వరుసల్లో పెద్ద పెద్ద రంగులేని కణాలు. ఇవి నీటి నిల్వ గదులు. ఆకు మందంలో పెద్ద వాటా వీటిదే. అసలు పచ్చదనం వీటికి దిగువన మొదలవుతుంది. ఆకు అడుగున బూడిదరంగు తెలుపు కనిపిస్తుందే, అది దట్టంగా అల్లుకున్న సన్నటి నూగు. పత్రరంధ్రాలు ఆ నూగు కింద దాక్కుంటాయి, నీరు తొందరగా ఆవిరైపోకుండా. ఆకు రెండు వైపులా లవణ గ్రంథులు ఉంటాయి. పైవైపువి చిన్న గుంటల్లో కూరుకుని ఉంటాయి, అడుగువి నూగు మధ్య పైకి లేచి ఉంటాయి.

ఒక్కో గ్రంథి నిర్మాణం చూడముచ్చటగా ఉంటుంది. అడుగున రెండు నుంచి నాలుగు సేకరణ కణాలు. వాటి మీద ఒకే ఒక్క కాడ కణం. ఆ కాడ మీద ఎనిమిది నుంచి పన్నెండు స్రావక కణాలు గొడుగు విప్పినట్టు. కాడ కణం పక్క గోడలు పూర్తిగా మైనపు పదార్థంతో మూసుకుని ఉంటాయి. వేరు అంతశ్చర్మంలో చూసిన ఉపాయమే మళ్లీ ఇక్కడ: పక్క సందులు మూసేసి, దారి అంతా ఒక్క కణం లోపలి నుంచే పోయేలా చేయడం. దీనివల్ల ఒకసారి పైకి పంపిన ఉప్పు గోడల వెంట తిరిగి ఆకులోకి కారదు. స్రావక కణాల నిండా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. వేరు వడపోతలా ఇది ఉత్తపుణ్యానికి జరిగే పని కాదు, శక్తి పెట్టి నెట్టాలి. పై అవభాసినికి ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి ఉప్పు ద్రవం బయటికొస్తుంది, ఎండకు ఆరి రవ్వలవుతుంది. సింగపూర్ పరిశోధకులు 2013లో గమనించినదాని ప్రకారం ఈ చెమట ధారగా కారదు, ఒక లయలో ఆగి ఆగి వస్తుంది. ఉప్పుతో పాటు పోబోయే నీటిని వీలైనంత వెనక్కి లాక్కునే ఏర్పాటు కూడా గ్రంథిలో ఉన్నట్టు వాళ్లు చెప్పారు. గోదావరి మడ అడవుల్లో గుగ్గిలం అని పిలిచే ఏజిసెరాస్ చెట్టుకూ ఇలాంటి గ్రంథులున్నాయి, కాకపోతే ఇంకా పెద్దవి, స్రావక కణాల గుంపు ఇంకా దట్టం. మడకూ గుగ్గిలానికీ దగ్గర చుట్టరికం లేదు. ఎవరికి వారు విడివిడిగా కనిపెట్టుకున్న ఏర్పాటు ఇది.

బయటికి నెట్టేసిన ఉప్పు ఊరికే పోతుందనుకుంటే పొరపాటు. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు నీరుగారడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చి తానే కరుగుతుంది. మడ ఆకు మీద ఉప్పూ రాత్రిళ్లు అంతే. ఎడారిని ఆనుకున్న పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో మడ చెట్ల మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. రాత్రి ఆకు మీద ఉప్పు చెమ్మగిల్లినప్పుడు ఆ తడిని ఆకు లోపలికి తీసుకుంటోందని, కొమ్మల్లో రసం పైనుంచి కిందికి, ఎదురు దిశలో ప్రవహిస్తోందని అందులో కొలిచి చూపించారు. చెట్టు ఆకుతో నీళ్లు తాగుతోంది! గల్ఫ్ ఎడారుల్లో పెరిగే ఒక జాతి టామరిస్క్ చెట్టు కూడా తన కొమ్మల మీద పేరుకున్న ఉప్పుల సాయంతో గాలిలోని తేమను పట్టుకుంటున్నట్టు అబుదాబిలోని పరిశోధకులు 2023లో ప్రకటించారు. ఆ ఉప్పుల్లో లిథియం సల్ఫేటు ఉండడం వల్ల గాలిలో తేమ బాగా తక్కువగా ఉన్నప్పుడు కూడా పని జరుగుతోందట.

అడ్డుకోవడం ఒక దారి, పారేయడం ఇంకో దారి. దాచుకోవడం మూడోది.

మడ అడవి వెనకాల, పెద్ద పోట్లకు మాత్రమే నీరెక్కే చవిటి పర్రల్లో చెట్లుండవు. అక్కడ నేలబారున ఇలకూర, వంగరెడ్డి కూర, సాలికార్నియా మొక్కలు ఎర్రగా పచ్చగా పరుచుకుంటాయి. ఇలకూర ఆకును చిదిమితే నీళ్లు చిమ్ముతుంది. సాలికార్నియాకైతే ఆకులే లేనట్టుంటుంది. కాండం గణుపులు గణుపులుగా ఉబ్బి, ఆకులు దాని ఒంట్లోనే కలిసిపోయి ఉంటాయి. కోసి చూస్తే పై ఒకటి రెండు వరుసలు పచ్చ కణాలు, లోపలంతా బుడగల్లాంటి పెద్ద కణాలు. ఆ కణం కడుపులో దాదాపు చోటంతా ఆక్రమించేది రిక్తిక అనే నీటి సంచి. ఉప్పంతా ఆ సంచిలోకి తోసి బిగిస్తుంది మొక్క. ఎంజైములు పనిచేసే జీవద్రవ్యం మాత్రం సంచికీ గోడకీ మధ్య పల్చటి పొరగా మిగులుతుంది. అక్కడ ఉప్పుకు బదులు గ్లైసిన్ బీటైన్ వంటి హానిలేని పదార్థాలు పోగై, సంచిలోని ఉప్పు దాని నీటిని లాగేయకుండా సరితూకం చూస్తాయి.

దీంట్లో ఓ తమాషా ఉంది. మంచినీళ్లు పోసి పెంచితే ఈ మొక్కలు బక్కచిక్కుతాయి. సముద్రపు నీటిలో సగం దాకా ఉప్పు కలిపి పోస్తే ఏపుగా, కండపట్టి పెరుగుతాయి. రిక్తికను నింపి కణాన్ని బిగుతుగా ఉంచడానికి వాటికి అన్నింటికన్నా చవగ్గా దొరికే సరుకు సోడియమే. ఈ ఉప్పు మనిషికి కూడా పనికొచ్చింది. ఇలాంటి మొక్కలను కాల్చిన బూడిద నుంచే ఐరోపాలో శతాబ్దాల పాటు గాజుకూ సబ్బుకూ కావలసిన సోడా తీశారు. 18వ శతాబ్దం చివర ఉప్పు నుంచి సోడా చేసే రసాయన పద్ధతి వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ సాలికార్నియా నుంచి తినే ఉప్పు తయారుచేసే పద్ధతిని రూపొందించింది. మన తీరంలో ఇలకూర, వంగరెడ్డి కూర పేర్ల చివర 'కూర' ఉండడం వట్టినే కాదు. ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకుంటారు. వేరే ఉప్పు వేయనక్కర్లేదు.

దాచుకునే పద్ధతిలోనే ఇంకో రకం, ఆకు మీద బుడగలు. అట్రిప్లెక్స్ అనే పొద ఆకులు వెండి పూత పూసినట్టు కనిపిస్తాయి. ఆ పూత నిజానికి చిన్న కాడ మీద నిలిచిన నీటి బుడగ కణాల పొర. ఉప్పు అందులోకి చేరుతుంది, నిండాక బుడగ పగిలి రాలిపోతుంది. ఈ మధ్య దుకాణాల్లో దొరుకుతున్న కినోవా మొక్కకూ ఇలాంటి బుడగలే ఉన్నాయి. వాటి పని కూడా ఉప్పు దాచుకోవడమేనని చాలాకాలం అందరూ నమ్మారు. డెన్మార్క్ పరిశోధకులు బుడగలు లేని కినోవా మొక్కలను తయారుచేసి, 2022లో ఉప్పు నీళ్లతో పరీక్షించారు. బుడగలు ఉన్న మొక్కలకంటే అవేమీ తీసిపోలేదు. పురుగులు మాత్రం బుడగలు లేని మొక్కల మీద ఎగబడ్డాయి. ఆకారం చూసి పని ఊహించేయడం వృక్షశాస్త్రంలో పాత జబ్బు. మడ జాతులు ముసలి ఆకుల్లోకి ఉప్పంతా పంపి, వాటిని పసుపుపచ్చగా పండించి త్యాగం చేస్తాయని చెప్పే కథ కూడా అలాంటిదే. పర్యాటకులకు గైడ్లు ఇష్టంగా చెబుతుంటారు. పండుటాకునూ పచ్చి ఆకునూ పక్కపక్కన పెట్టి ఉప్పు కొలిచిన వాళ్లకు ఆ కథను నిలబెట్టేంత తేడా దొరకలేదు. ఆకు రాలితే దానితోపాటు కొంత ఉప్పు పోతుంది, నిజమే. ప్రత్యేకంగా పోగేసి పంపుతుందనడానికే ఆధారం లేదు.

ఆకూ వేరూ చూశాక కాండాన్ని కూడా చూడాలి. 40, 50 వాతావరణ పీడనాల బలంతో నీటిని లాగుతున్నప్పుడు దారునాళంలో నీటి తీగ తెగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తెగితే అక్కడ గాలిబుడగ చేరి ఆ గొట్టం పనికిరాకుండా పోతుంది. నాళం వెడల్పయినకొద్దీ నీరు ధారాళంగా పోతుంది, తెగే ముప్పూ పెరుగుతుంది. మడ జాతుల చెక్కలో నాళాలు సన్నవి, చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటి రెండు పోయినా పక్కవి ఉన్నాయి. కెన్యా తీరంలో గాజీ అఖాతం దగ్గర ఉప్పు పొన్న చెక్కను పరిశీలించిన బెల్జియం శాస్త్రవేత్తలకు అందులో ఋతువుల జాడ దొరికింది. వానలు పడి నేల ఉప్పు పల్చబడినప్పుడు పెరిగిన చెక్కలో నాళాలు పలచగా, ఎండాకాలంలో ఉప్పు చిక్కబడినప్పుడు పెరిగిన చెక్కలో దట్టంగా ఉన్నాయి. ఏ ఏడు ఎంత ఉప్పదనాన్ని భరించిందో చెట్టు తన చెక్కలోనే రాసి పెట్టుకుంటోంది.

మడ దుంగను కోసినా వలయాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి వయసు చెప్పబోతే మాత్రం తప్పులో కాలేసినట్టే. మామూలు చెట్టుకు బెరడు కింద కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణజాల వలయం ఒక్కటే ఉంటుంది. లోపలికి దారువు, బయటికి ఆహారం మోసే పోషక కణజాలం. మడ చెట్టులో ఒక వలయం తర్వాత ఇంకొకటి కొత్తగా పుడుతూ పోతుంది. దాంతో దారువు ఒక పట్టీ, పోషక కణజాలం ఒక పట్టీ, మళ్లీ దారువు, ఇలా చెక్క లోపలంతా ఆహారపు దారులు వలలా అల్లుకుని ఉంటాయి. ఒక ఏడాదికి ఒక్క వలయమనే నియమం దీనికి లేదు. ఉప్పు బాగా ఎక్కువైన చోట్ల, మరే చెట్టూ బతకలేని చోట కూడా మడ నిలబడడానికి ఈ అల్లిక ఒక కారణం కావచ్చని కెన్యాలో పనిచేసిన ఆ బృందం అభిప్రాయం.

అలాగని మడ చెట్టుకు హద్దు లేదా? ఉంది. మడ మొక్కలు అన్నింటికన్నా బాగా పెరిగేది సముద్రపు నీటిలో పావు వంతు నుంచి సగం ఉప్పున్న నీటిలో, అంటే గోదావరి, కృష్ణ వంటి నదుల మంచినీరు వచ్చి కలిసే చోట. సముద్రానికి రెట్టింపు ఉప్పున్న చోట కూడా ప్రాణం నిలుపుకుంటాయి కానీ పొట్టిగానే మిగిలిపోతాయి. ఆకులు చిన్నవై, మందమై, గుబురుగా ముడుచుకుపోతాయి. వేరు వడకట్టి వదిలేసిన ఉప్పు వేరు చుట్టూనే పేరుకుంటుంది కాబట్టి, రోజూ పోటు వచ్చి దాన్ని కడిగేసుకుపోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒకప్పుడు చెట్లు నరికిన చోట జరిగింది అదే. నీడ పోయి ఎండకు ఆరిన నేల కుంగి పళ్లెంలా గుంటపడింది. పోటు నీరు అందులో చేరి బయటికి పోలేక ఇగిరిపోయి, ఉప్పు మడకు కూడా పట్టనంత పెరిగింది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి 1990ల చివర నుంచి ఆ చోట్ల ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వించాయి. పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. పోటు లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోవడం మొదలయ్యాక నేల ఉప్పు దిగింది, ఆ తర్వాతే నాటిన మడ నిలదొక్కుకుంది.

ఈ చెట్ల ఉపాయాలను పొలానికి తెచ్చే పని ఎప్పుడో మొదలైంది. అదే ఫౌండేషన్‌లో అజయ్ పరిడా బృందం మడ చెట్టు జన్యువులను వరిలో ప్రవేశపెట్టి చౌడును తట్టుకునే మొక్కలను తయారుచేసింది. ఒకటి రెండు జన్యువులు మారిస్తే కణం కాస్త ఓర్చుకుంటుంది. గ్రంథిని మొలిపించడం, వేరు గోడను తిరిగి కట్టడం మాత్రం అంత తేలిక కాదు. అవి ఎన్నో జన్యువులు కలిసి పోతపోసే ఆకారాలు. అందుకే కొందరి చూపు ఒరైజా కోఆర్క్‌టాటా అనే గడ్డి మీద పడింది. నదీముఖాల్లో ఉప్పు బురదలో, పోటుకు మునుగుతూ పెరిగే ఈ గడ్డి వరికి అడవి చుట్టం. దీని ఆకు పైభాగంలో వరుసలు తీరిన సన్నటి రోమాలున్నాయి. ఒక్కో రోమం ఒకే కణం, దాని పని ఆకులోని ఉప్పును బయటికి పంపడం. మామూలు వరిలో అలాంటివి లేవు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ఐఆర్56 రకంతో సంకరం చేసిన వార్తను 2013లో బయటపెట్టింది. 34,000 సంకరాలు చేస్తే మూడు పిండాలు దక్కాయి. ఆ మూడింట్లో మొక్కగా ఎదిగింది ఒక్కటే. దాన్ని మళ్లీ మళ్లీ ఐఆర్56తోనే కలుపుతూ, గడ్డి లక్షణాలను వదిలించి ఉప్పు కక్కే గుణాన్ని మాత్రం నిలబెట్టే పనిలోకి దిగారు.